కుంట అడుగున నెర్రె: తనంతట పూడుకునే కాంక్రీటు అనంత మెట్టకు అక్కరకు వచ్చేనా?

అనంతపురం పీఠభూమిలో సేద్యపు కుంట విలువ ఆగస్టు నెలలో తెలుస్తుంది. జూన్, జూలై నెలల్లో పడే ఒకటి రెండు గట్టి వానలకు పొలంలోని వరద కుంటలోకి చేరుతుంది. ఆ పదునుకే రైతు వేరుశనగ విత్తుతాడు. నెల, నెలన్నర గడిచి పైరు పూతకు వచ్చి ఊడలు దిగే వేళకు బెట్ట మొదలవుతుంది. ఆ సమయంలో ఒక్క తడి అందితే కాయ ఊరుతుంది, అందకపోతే పశువుల మేత మిగులుతుంది. పది మిల్లీమీటర్ల రక్షక తడి ఇవ్వడానికి ఎకరాకు సుమారు 40 వేల లీటర్ల నీరు చాలు. నిండిన కుంటలో అంతకు మించిన నీరే ఉంటుంది. కాని బెట్ట వచ్చిన నాటికి చాలా కుంటలలో కనిపించేది ఎండిన ఒండ్రు, దాని కింద నెర్రెలు విచ్చిన సిమెంటు పొర. 2016 ఖరీఫ్‌లో బెట్టకు వాడుతున్న వేరుశనగను కాపాడడానికి రెయిన్ గన్నులు జిల్లాకు తరలివచ్చినప్పుడు, వాటికి అందించవలసిన నీటిని కుంటల నుండి, అవి ఎండినచోట ట్యాంకర్లతో తేవలసి వచ్చింది.

కొన్నేళ్ళుగా సివిల్ ఇంజనీరింగ్ సదస్సులలో వినవస్తున్న ‘తనంతట మానే కాంక్రీటు’ అన్న మాట ఇటీవల వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టు ప్రతిపాదనలలోకి కూడా ప్రవేశించింది. పగిలినచోట బాక్టీరియా సున్నపురాయిని పుట్టించి, పుండు మానినట్లు పగులును మాన్పుతుందన్న భావన ఆకర్షణీయమైనదే. కుంటల లైనింగుకు దీనిని వాడితే ఆగస్టు నాటికి నీరు నిలుస్తుందా అన్నది సహజంగా తలెత్తే ప్రశ్న. ఈ ప్రశ్నను తోసిపుచ్చనవసరం లేదు. కాని దానికి సమాధానం వెదికే ముందు అనంత మెట్టలో లైనింగు ఎందుకు పగులుతున్నదో, ఎప్పుడు పగులుతున్నదో తేల్చుకొనడం అవసరం. బాక్టీరియా పొట్లం కొనక ముందే సరిదిద్దుకోదగిన పొరపాట్లు అక్కడ కనిపిస్తాయి.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల చేరువలో ఉంటుంది. గాలి, ఎండ కలిసి ఆవిరి చేయగల నీరు దానికి మూడు రెట్లకు తగ్గదు. నేలల్లో అధిక భాగం లోతు తక్కువ గల ఎర్ర నేలలు. వీటిలోని బంకమన్ను ప్రధానంగా కేయొలినైటు జాతికి చెందినది. తడిస్తే ఉబ్బి రంధ్రాలను మూసుకొనే గుణం దానికి తక్కువ. నల్లరేగడిలో తవ్విన కుంట కొంతకాలానికి తనంతట తాను బిగుసుకుంటుంది. ఎర్ర నేలలో తవ్విన కుంటకు ఆ భాగ్యం లేదు. ఈ లోటు తీర్చడానికే అనంతపురం మెట్ట వ్యవసాయ పరిశోధన కేంద్రం ఆరు పాళ్ళ మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి సుమారు 5 సెంటీమీటర్ల మందంతో పూసే లైనింగును సిఫారసు చేసింది. ఎక్కడికక్కడ దొరికే మట్టితో, ఊరి తాపీ మేస్త్రీ చేయగల పని. కాంక్రీటుతో పోలిస్తే ఖర్చు తక్కువ. పాలిథీన్ పట్టా వలె మేకల గిట్టలకు, ఎలుకలకు, ఎండకు లొంగదు. మెట్ట పరిశోధన ఈ ప్రాంతానికి ఇచ్చిన మంచి సిఫారసులలో ఇది ఒకటనడంలో సందేహం లేదు.

సిఫారసు మంచిదైనా పొర పలుచనిది. పలుచని పొరలోని నీరు త్వరగా ఆరిపోతుంది. ఆరిన పొర కుంచించుకుపోతుంది. కింది నేల దానిని కదలనివ్వదు గనుక పొర పగులుతుంది. మట్టిలో బంక శాతం ఎక్కువైనకొద్దీ ఈ కుంచింపు హెచ్చుతుంది. జల్లెడ పట్టకుండా, బంక శాతం చూడకుండా కుంటలో తవ్విన మట్టినే తిరిగి కలపడం వలన ఒకే ఊరిలో ఒక కుంట నిలిచి పక్క కుంట పగలడం కనిపిస్తుంది. ఆ తరువాత కుంట ఏడాదిలో అధిక భాగం ఖాళీగా ఉంటుంది. మార్చి నుండి మే వరకు మధ్యాహ్నపు ఎండకు సాగి, రాత్రి చల్లదనానికి ముడుచుకుంటూ గడిపిన పొరపైకి జూన్‌లో ఒక్కసారిగా చల్లని వరద నీరు వచ్చి పడుతుంది. నిత్యం నీటిలో ఉండే కాలువ లైనింగుకు ఇన్ని కష్టాలు లేవు.

వీటన్నిటి కన్నా పెద్ద పొరపాటు పంచాంగంలో ఉన్నది. కుంటల తవ్వకం ఉపాధి హామీ పథకం కింద, ‘పంట సంజీవని’ వంటి కార్యక్రమాల కింద జరిగింది, జరుగుతున్నది. కూలీలకు పని అవసరమైన కాలం ఎండాకాలం. కనుక తవ్వకం ఏప్రిల్, మే నెలల్లో సాగడం న్యాయమే. లైనింగు కూడా ఆ వెంటనే, తొలకరికి ముందే ముగించాలన్న తొందరలో అదే ఎండలో పూస్తున్నారు. సిమెంటు పనికి అంతకన్నా చెడ్డ కాలం లేదు. వడగాలికి పూసిన పొర గంటలలోనే పైన ఎండి, లోపల పచ్చిగా ఉండి, జుట్టంత సన్నని పగుళ్ళతో నిండుతుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456–2000 కాంక్రీటుకు కనీసం 7 రోజులు, వేడి, పొడి వాతావరణంలో 10 రోజులు తడి ఆరకుండా నీరు పట్టాలని చెబుతున్నది. బూడిద లేదా స్లాగు కలిసిన సిమెంటుకు ఆ గడువును 14 రోజుల దాకా పొడిగించడం మేలంటుంది. మట్టి కలిపిన పలుచని పొరకు ఇంతకన్నా జాగ్రత్తే అవసరం. తాగునీటికే ట్యాంకరు వచ్చే మే నెలలో, పొలం మధ్యనున్న గుంతకు పది రోజులు పూటపూటా నీరు పట్టే రైతు ఎవరు? నీరు నిలపడానికి కట్టే కట్టడం నీరు లేకనే చెడిపోతున్నది.

తనంతట మానే గుణం సిమెంటుకు కొత్తగా ఎవరో ఇచ్చినది కాదు. ప్రతి సిమెంటు పొరలోను నీటితో కలవక మిగిలిన రేణువులు కొన్ని ఉంటాయి. పగులులోకి నీరు చేరినప్పుడు అవి మేల్కొని గట్టిపడతాయి. సిమెంటు నుండి వెలువడిన కాల్షియం హైడ్రాక్సైడు నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువుతో కలిసి కాల్షియం కార్బొనేటుగా, అంటే సున్నపురాయిగా, పగులు గోడలపై పేరుకుంటుంది. నీళ్ళ తొట్టెకు కొత్తలో కారిన చెమ్మ కొద్ది రోజులకు ఆగి అక్కడ తెల్లని చార మిగలడం ప్రతి మేస్త్రీ ఎరిగిన విషయం. అయితే ఈ సహజ శక్తికి హద్దులున్నాయి. పగులు వెడల్పు 0.1 నుండి 0.2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. పగులులో నీరు నిలకడగా ఉండాలి. వెడల్పు విషయంలో విద్యార్థులు గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటున్నది. సన్నని పగులు గుండా కారే నీరు దాని వెడల్పు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. 0.2 మిల్లీమీటర్ల పగులు 0.4 మిల్లీమీటర్లయితే కారే నీరు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. కనుక నూరు సన్న పగుళ్ళున్న కుంట నిలవవచ్చు, నాలుగు పెద్ద నెర్రెలున్న కుంట నిలవదు.

బాక్టీరియా చేసేది ఈ హద్దును కొంత జరపడమే. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు సోడా సరస్సుల వంటి క్షార పరిసరాలలో బతికే బాసిల్లస్ జాతి బాక్టీరియా సిద్ధబీజాలను, వాటికి ఆహారంగా కాల్షియం లాక్టేటును తేలికపాటి కాల్చిన మట్టి గుళికలలో పెట్టి కాంక్రీటులో కలిపారు. పగులు గుళికను చీల్చి నీరు, గాలి అందితే సిద్ధబీజం మొలకెత్తి లాక్టేటును తిని సున్నపురాయిని విడుస్తుంది. సుమారు 0.8 మిల్లీమీటర్ల దాకా పగుళ్ళు పూడినట్లు వారి ప్రయోగాలు చూపాయి. గుళిక లేకుండా నేరుగా కలిపిన సిద్ధబీజాలు గట్టిపడుతున్న సిమెంటులో కొన్ని నెలలకు మించి బతకలేదన్నది కూడా ఆ ప్రయోగాలలో తేలిన సంగతే; ఖర్చంతా ఈ గుళిక దగ్గరే ఉన్నది. తెలుగు నేలపై హైదరాబాదు జె.ఎన్.టి.యు.లో బాసిల్లస్ సబ్టిలిస్ జె.సి.3 అనే తెగతో సిమెంటు గార, కాంక్రీటు బలం, మన్నికలపై పరిశోధన జరిగింది. యూరియాను విడగొట్టే బాక్టీరియాతో పనిచేసిన బృందాలు మరికొన్ని ఉన్నాయి. ఆ మార్గంలో అమ్మోనియా వెలువడుతుంది గనుక నిలవ నీటి కుంటకు అది తగినది కాదు.

ఈ పరిశోధనలన్నిటిలో అనంతపురానికి దగ్గరగా వచ్చినది దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌లో జరిగిన ఒక చిన్న ప్రయోగం. డెల్ఫ్ట్ పరిశోధకులు అక్కడి విశ్వవిద్యాలయంతో కలిసి 2014లో ఆండీస్ పర్వత ప్రాంతపు సాగునీటి కాలువలో కొన్ని మీటర్ల మేర బాక్టీరియా గుళికలతో, స్థానికంగా పండే అబాకా నారతో కలిపిన కాంక్రీటు లైనింగు వేశారు. ఆ ప్రయోగంలో నేర్చుకోదగినది బాక్టీరియా కన్నా నార. సన్నని నార పోగులు పగులును ఆపలేవు గాని, ఒక పెద్ద నెర్రెగా విచ్చుకోవలసినదానిని అనేక సన్న పగుళ్ళుగా పంచుతాయి. పైన చెప్పిన ఘనపు లెక్క ప్రకారం లాభమంతా అక్కడే ఉన్నది. అనంతపురం పొలం గట్ల మీద కిత్తనార కొరత లేదు. క్షార గుణం గల సిమెంటులో మొక్కల నార కాలక్రమాన చివికిపోతుందన్న మాట నిజమే. అయితే పొర పగిలే ముప్పు అత్యధికంగా ఉండేది తొలి వారాలలో. ఆ గండం గడిపే దాకా నార నిలిస్తే చాలు. ఆరు ఒకటి పాళ్ళ మిశ్రమంలో తరిగిన కిత్తనారను ఏ పొడవున, ఏ పాళ్ళలో కలపాలన్నది ఒక స్నాతకోత్తర విద్యార్థి రెండేళ్ళ పనికి సరిపోయే అంశం. దీనికి విదేశీ గుళిక అవసరం లేదు.

బాక్టీరియాను ఉన్నదున్నట్లు కుంటకు తేవడానికి ఉన్న అడ్డంకులు ఇప్పుడు స్పష్టమవుతాయి. ప్రయోగశాలలో పగిలిన దిమ్మెను వారాల తరబడి నీటిలో ఉంచి మానడాన్ని కొలుస్తారు. కుంటలో నీరు నిలవాలంటే పగులు పూడాలి, పగులు పూడాలంటే నీరు నిలవాలి. నెర్రె పెద్దదైతే బాక్టీరియా మేల్కొనేలోగా కుంట ఖాళీ అవుతుంది. 5 సెంటీమీటర్ల మట్టి–సిమెంటు పొరలో సిమెంటు పాలే తక్కువ; రంధ్రాలు ఎక్కువ గనుక గాలిలోని బొగ్గుపులుసు వాయువు త్వరలోనే లోపలిదాకా చేరి మాన్పుదలకు పనికివచ్చే సున్నాన్ని ముందే ఖర్చు చేస్తుంది. సిద్ధబీజాలు ఎండను తట్టుకొని ఏళ్ళ తరబడి నిద్రించగలవన్న ఒక్క గుణం మాత్రం ఈ ప్రాంతానికి సరిగ్గా సరిపోతుంది. ఆ ఒక్క కారణం చేతనే ఈ పరిశోధనను పూర్తిగా కొట్టివేయడం తగదు. చెక్‌డ్యాముల గేట్ల వద్ద, అక్విడక్టుల వద్ద ఇనుము గల కట్టడాలలో దానికి చోటుండవచ్చు. పేద రైతు కుంట దానికి మొదటి ప్రయోగస్థలం కాకూడదు.

ఇక చౌడు సంగతి. పాల చౌడు, కారు చౌడు అన్న మాటలు నేలకే పరిమితం కావు. గోడకు కూడా చౌడు ఎక్కుతుందని రాయలసీమ పల్లెల్లో అంటారు. గోడ అడుగు నుండి మూరెడెత్తున తెల్లని పూత పూచి, గార పొడిపొడిగా రాలడం చూడని వారుండరు. నేలలోని ఉప్పునీరు రంధ్రాల గుండా పైకెక్కి, ఆవిరయ్యే చోట లవణాన్ని వదులుతుంది. ఆ లవణం స్ఫటికంగా పెరిగేటప్పుడు రంధ్రపు గోడలను లోపలి నుండి నెడుతుంది. వీటిలో సోడియం సల్ఫేటు మరీ చెడ్డది. సుమారు 32 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే అది నీరు లేని స్ఫటికం. దిగువకు వచ్చి తేమ అందితే పది నీటి అణువులను కలుపుకొని మూడు రెట్లకు పైగా ఉబ్బుతుంది. అనంతపురంలో ఏడాదిలో ఎన్నో నెలలు పగలు ఆ గీతను దాటి, రాత్రి దాని దిగువకు వస్తుంది. యూరప్ ప్రయోగశాలలో ఏడాదికి కొద్దిసార్లు జరిగే పరీక్షను ఈ పీఠభూమి దినచర్యగా నిర్వహిస్తున్నదన్న మాట. కుంటలో దెబ్బ తగిలేది అడుగున కాదు. నీటి మట్టం తగ్గుతూ వచ్చే పక్క గోడలలో, తడి పొడి కలిసే గీత వెంబడి.

లవణం నేల నుండి మాత్రమే రాదు, మిశ్రమంలోని నీటితో కూడా వస్తుంది. ఎండాకాలంలో అడుగంటిన బోరు నీటిలో లవణ సాంద్రత హెచ్చుతుంది. ఈ ప్రాంతపు బోర్లలో సోడియం బైకార్బొనేటు గల నీరు అరుదు కాదు. అటువంటి నీరు సిమెంటు గట్టిపడే వేళను కొన్నిసార్లు తొందరపెడుతుంది, కొన్నిసార్లు ఆలస్యం చేస్తుంది. ఐ.ఎస్. 456 మిశ్రమపు నీటికి హద్దులు చెప్పింది: సల్ఫేట్లు లీటరుకు 400 మిల్లీగ్రాములు, క్లోరైడ్లు ఇనుము లేని కాంక్రీటుకు 2000, ఇనుము ఉన్నదానికి 500 మిల్లీగ్రాములు మించరాదు, ఉదజని సూచిక 6కు తగ్గరాదు. సాగునీటి పరీక్షాకేంద్రాలు రైతు తెచ్చిన సీసాను పరీక్షించి అది వేరుశనగకు పనికివచ్చునా, చీనీకి పనికివచ్చునా అని సాధారణంగా చెబుతాయి. ఆ పత్రంలోనే ‘సిమెంటు పనికి’ అన్న ఒక వరుసను చేర్చడం కష్టమైన పనేమీ కాదు. సల్ఫేటు పరీక్ష ఒక్కటి అదనం. లైనింగు పూయబోయే రైతుకు అది చీనీ సలహా కన్నా తక్కువ విలువైనది కాదు. సల్ఫేటు ఎక్కువున్న చోట స్లాగు సిమెంటు మేలు. బళ్ళారి వైపు ఉక్కు కర్మాగారాల స్లాగు అందుబాటులో ఉండగా అది దొరకదని చెప్పడానికి వీలులేదు.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. సిమెంటును చెరిచే ఈ చౌడునే రాయలసీమ రైతు తరతరాలుగా పగుళ్ళు పూడ్చడానికి వాడుకున్నాడు. దూలాలు, దంతెలు, వాటిపై బండలో కంపో పరచి, మట్టి తొక్కి కట్టిన మిద్దెల పైన చివరి పొర చౌడు మన్నే. ఏటా తొలకరికి ముందు ఊరి బయటి చౌడు నేల నుండి మన్ను గంపలతో తెచ్చి మిద్దెపై చల్లేవారు. ఎండకు మిద్దె పగులుతుంది. తొలి చినుకులకు కొద్దిగా కురుస్తుంది. పెద్ద వాన వచ్చేసరికి కురవడం ఆగిపోతుంది. దీనికి కారణం నేల శాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికి తెలిసినదే. బంకమన్ను రేణువుల చుట్టూ సోడియం ఉన్నప్పుడు, లవణం లేని వాన నీరు తగిలితే అవి ఒకదానిని ఒకటి విడిచి విడివిడిగా చెదురుతాయి. చెదిరిన సన్న రేణువులు నీటితో పాటు పగులులోకి దిగి, ఇరుకైన చోట చిక్కుకొని దారి మూస్తాయి. పొలంలో నీరు ఇంకనివ్వని దోషంగా బోధించే గుణమే మిద్దెపై గుణమైంది. పగులు ఉన్న చోటికే మందు నడిచి వెళ్ళడం, ఎండి మళ్ళీ తడిసినప్పుడల్లా మళ్ళీ పనిచేయడం అన్న రెండు లక్షణాలనే ఆధునిక పరిశోధకులు గుళికలతో సాధించ చూస్తున్నారు.

అయితే పూర్వికులకు అన్నీ తెలుసునన్న ఉత్సాహం ఇక్కడ పనికిరాదు. 2023లో రోమన్ల పాత కాంక్రీటులోని సున్నపు ముద్దలు పగుళ్ళను పూడుస్తున్నట్లు, ఆ పద్ధతిలో చేసిన నమూనాలో అర మిల్లీమీటరు పగులు రెండు వారాల్లో నీరు కారనివ్వకుండా మూసుకున్నట్లు అమెరికాలోని ఎం.ఐ.టి. బృందం ప్రకటించగానే, తుంగభద్ర ఆనకట్టలోని సుర్కీ గారకు, కోటల గానుగ సున్నానికి కూడా అదే మహిమను ఆపాదించడం మొదలైంది. రోమన్లది కాల్చిన సున్నాన్ని వేడిగా కలిపి ముద్దలను మిగిల్చే పద్ధతి; గానుగ సున్నం ముద్ద మిగలకుండా నూరే పద్ధతి. రెండూ సున్నమే గాని, ఒకదాని ఫలితాన్ని మరొకదానికి అంటగట్టడం శాస్త్రం కాదు. చౌడు మన్ను విషయంలోను ఇంత జాగ్రత్త అవసరమే. సోడియంతో చెదిరే మట్టి వాలు మీద కోతకు గురవుతుంది. కట్ట లోపల చిన్న దారి దొరికితే సొరంగమై కట్టనే తెంపుతుంది. కనుక చౌడు మన్ను కుంట అడుగు భాగానికే తగును. కట్టకు, పక్క వాలుకు ఎంతమాత్రం పనికిరాదు. కొత్తగా పూసిన సిమెంటుపై చల్లినా ప్రయోజనం లేదు. సిమెంటు నుండి వెలువడే కాల్షియం సోడియంను తొలగించి రేణువులను తిరిగి గుమిగూడుస్తుంది. చౌడు నేలకు జిప్సం వేసినప్పుడు జరిగేదీ ఇదే. చౌడు పొర, సిమెంటు పొర ఒకదానికొకటి తోడు కావు. లైనింగు లేని కుంటలకు, సిమెంటు కొనలేని రైతులకు అది విడిగా పరీక్షించదగిన మార్గం. అందులో నిలిచిన నీటి సోడియం శాతాన్ని, బురద వలన స్ప్రింక్లర్లకు కలిగే అవరోధాన్ని కూడా ఆ పరీక్షలో కొలవాలి.

సిమెంటు పూసిన కుంటలకు ప్రకృతి ఇచ్చే మందు ఒండ్రు. వరదతో వచ్చిన సన్న మట్టి అడుగున పలుచని పొరగా పేరుకొని పగుళ్ళను పూడుస్తుంది. పూడిక తీతకు కొలత ప్రకారం కూలి ఇచ్చేటప్పుడు పార సిమెంటును తాకేదాకా గీకడం జరుగుతున్నది. దానితో మానిన పగులు మళ్ళీ తెరుచుకుంటుంది. పార దెబ్బకు కొత్త పగులు చేరుతుంది. అడుగున నాలుగు వేళ్ళ మందం ఒండ్రు వదిలివేయమని పని కొలిచే సిబ్బందికి చెప్పవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలది.

లైనింగు అన్నిచోట్లా మేలే అనుకోవడం కూడా సరికాదు. హంద్రీ–నీవా కాలువకు లైనింగు తలపెట్టినప్పుడు రైతుల నుండి అభ్యంతరాలు వచ్చాయి. కాలువ ఊటతోనే తమ బోర్లు బతుకుతున్నాయన్నది వారి వాదన. ఎర్ర నేలల గుండా సాగే భాగంలో ఆ వాదనకు బలమున్నది. తుంగభద్ర ఎగువ కాలువ కింది నల్లరేగడి భాగాలలో ఊట చేరి చౌడు పెరిగే చోట పరిస్థితి వేరు. ఎక్కడ బిగించాలో, ఎక్కడ ఇంకనివ్వాలో నేలను బట్టి కిలోమీటరు కిలోమీటరుకు తేల్చవలసిన విషయమది. కుంటది వేరే ధర్మం. అది వంద గజాల దూరంలోని పైరుకు పదిహేను రోజుల కోసం దాచిన నీరు.

కనుక విశ్వవిద్యాలయం ముందుగా చేయదగినది తవ్వకాన్ని, లైనింగును విడదీయడం. ఎండాకాలంలో తవ్వి, ఒక వానాకాలం కుంటను అలాగే వదిలి, కట్ట సర్దుకున్నాక నవంబరు, డిసెంబరు నెలల్లో లైనింగు పూయాలి. అప్పటికి నేలలో తేమ ఉంటుంది, ఎండ తీవ్రత తగ్గుతుంది, కుంట అడుగున మిగిలిన వాన నీరే మిశ్రమానికి, నీరు పట్టడానికి ఉపయోగపడుతుంది. అది లవణం లేని నీరు కూడా. దీనివలన రైతు తొలి ఏడాది నీటిని కొంత నష్టపోతాడన్నది కాదనలేని అభ్యంతరం. మొదటి ఖరీఫ్ ఆగస్టులోనే బెట్ట వస్తే ఆ నష్టం కోలుకోలేనిది కావచ్చు. అయినా మేలో పూసి రెండో ఏటికే పగిలే పొర కన్నా, ఒక ఏడు ఆలస్యంగా వచ్చి నిలిచే పొర మేలని లెక్క చెబుతున్నది. పథకం అంచనాలలో లైనింగు బిల్లును మరుసటి ఆర్థిక సంవత్సరానికి పొడిగించే వెసులుబాటు లేకపోవడం శాస్త్రీయ కారణం కాదు. దానిని అధికారుల దృష్టికి తేవడానికి సిఫారసుల పుస్తకంలో పూత నెలను కూడా పాళ్ళతో సమానంగా అచ్చువేయాలి. ఇప్పుడు పాళ్ళు, మందం చెప్పి నెల చెప్పడం లేదు.

రెండవది కొలత. లైనింగు వేసిన ఏడాది నీటి నష్టం ఎంత తగ్గిందో చెప్పే గణాంకాలు సులభంగా దొరుకుతాయి. మూడవ ఏడు, అయిదవ ఏడు ఎంత ఉన్నదో చెప్పేవి అరుదు. తనంతట మానడం, లవణానికి చెడడం రెండూ ఏళ్ళ మీద జరిగే మార్పులు గనుక ఆ తరువాతి ఏళ్ళ అంకెలు లేకుండా బాక్టీరియా మేలో, కిత్తనార మేలో, సున్నపు తేట పూత మేలో తేల్చడానికి ఆధారం లేదు. ఇందుకు పెద్ద పరికరాలు అక్కరలేదు. కుంట పక్కగోడకు సెంటీమీటర్ల గీతలతో ఒక స్కేలు, గట్టు మీద కోళ్ళు, పశువులు తాకకుండా కంచె వేసిన ఒక వెడల్పాటి నీటి పళ్ళెం. రోజూ ఉదయం ఏడు గంటలకు రెండింటిలో తగ్గిన నీటిని రాసుకోవాలి. కుంట తగ్గుదలలో నుండి పళ్ళెం తగ్గుదలను తీసివేస్తే మిగిలేది సుమారుగా ఇంకుదల. కుంట ఎండాక వేసవిలో ఒకసారి పగుళ్ళ వెడల్పును మేస్త్రీలు వాడే పగులు కొలబద్దతో కొలిచి, 0.2 మిల్లీమీటర్లకు లోపలివి ఎన్ని, మించినవి ఎన్ని అని లెక్కించాలి. లోపలివాటికి తొలకరికి ముందు సున్నపు తేట పూసి చూడవచ్చు. మించినవాటిని చెక్కి సిమెంటు గారతో నింపవలసిందే.

గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం కింద నాలుగవ సంవత్సరం విద్యార్థులు ఖరీఫ్‌లో పల్లెల్లోనే ఉంటారు. ఒక్కొక్క జట్టుకు రెండేసి కుంటలు, ఒకటి ఎర్ర నేలలో, వీలైతే మరొకటి చౌడు తగిలిన నేలలో అప్పగిస్తే ఏటా కొన్ని పదుల కుంటల వివరాలు చేరతాయి. మరుసటి ఏటి జట్టు అవే కుంటల వద్దకు వెళ్ళాలి. కొత్త కుంటలను ఎంచుకోనివ్వరాదు. కొలత పుస్తకం కళాశాలకు చేరేది నకలు మాత్రమే కావాలి, అసలు పుస్తకం కుంట గల రైతు ఇంటనే ఉండాలి. పూత పూసిన నెల, వాడిన సిమెంటు రకం, నీరు తెచ్చిన బోరు, నీరు పట్టిన రోజుల సంఖ్య అందులో మొదటి పేజీలో రాయించాలి.